మూడో మెట్టు నత్తరాయి

మరకలంటే నాకు పగ. పన్నెండేళ్ళు హోటల్లో గదులు శుభ్రం చేసిన మనిషిని. కుళాయి మీద చుక్కంత మచ్చ కనిపించినా నాకు ముద్ద దిగదు. సున్నపురాయి క్వారీల మధ్య ఊరు మాది. తాగే నీళ్ళలోనే సున్నం. కెటిల్ ఒక్క వారం వాడితే చాలు, అడుగున తెల్లగా గార పడుతుంది. దానికి మా హోటల్లో మందు ఒకటే, స్టోర్ రూంలో ఉండే ఘాటు వెనిగర్. పొద్దున పోసి వదిలేస్తే మధ్యాహ్నానికి కెటిల్ కొత్తదై కూర్చుంటుంది. నా చేతికింద చేరిన ప్రతి అమ్మాయికీ మొదట నేర్పే పాఠం అదే. ఆ వేసవిలో నా కొంప ముంచింది కూడా అదే.

అప్పటికి నాకు పెళ్ళయి అయిదు నెలలు. ఆయనకది రెండో పెళ్ళి. మొదటి ఆవిడ జబ్బు చేసి పోయి మూడేళ్ళు. ఆవిణ్ణి నేను చూడలేదు గానీ మనసులో అక్క అనే అనుకునేదాన్ని. ఆయన క్వారీలో రాతికి రంధ్రాలు వేసే మెషీన్ నడిపేవారు. ఇరవై ఏళ్ళు ఆ రొద విని విని చెవులు సగానికి పైగా పోయాయి. మనిషి వెన్నే, కాని ఆయనతో ఒక్క మాట చెప్పాలంటే వీధి చివరి ఇంటికి కూడా చెప్పినట్టే. మా ఇంట్లో రహస్యం అనే వస్తువు ఉండేది కాదు.

కూతురికి పదకొండేళ్ళు. ఆయన "గవ్వా" అని పిలిచేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆ పిల్ల నన్ను ఏమనీ పిలిచేది కాదు. ఎదురు చెప్పదు, అలగదు. అన్నం పెడితే "చాలండి" అంటుంది, నీళ్ళిస్తే "పర్లేదండి, నేను తెచ్చుకుంటాను" అంటుంది, మా హోటల్లో రెండు రోజులుండి పోయే అతిథిలాగా. తిట్టే పిల్లయితే ఎలాగోలా దారికి తెచ్చుకోవచ్చు. మర్యాద చేసే పిల్లతో ఎలా వేగాలో నాకు తెలియలేదు.

అక్క బతికుండగా నాపరాళ్ళ పాలిష్ షెడ్డులో పనిచేసేది. వచ్చిన పలకల్ని చూసి, నున్నటివి ఒక పక్క, మచ్చలున్నవి ఒక పక్క వేరు చేయడం ఆవిడ పని. ఏనాడో రాయిగా మారిన నత్త గుర్తో, చిప్ప గుర్తో ఉన్న పలక మచ్చ రాయి కింద లెక్క. ఎవరూ కొనరు. ఆవిడ వాటిని ఒక్కొక్కటే ఇంటికి తెచ్చి వంటింటి నేల మొత్తం వాటితోనే పరిపించింది. నాకది తెలియదు. కాపురానికొచ్చిన రెండో రోజు స్టవ్ ముందున్న పలక మీద గోధుమరంగు మరక కనిపించి, పావుగంట పీచు పెట్టి రుద్దాను. వెనక ఎప్పుడొచ్చిందో గవ్వ నిలబడి చూస్తోంది.

"అది పోదండి. కోట్ల ఏళ్ళ నుంచి ఉంది" అంది.

చూస్తే అది చిప్ప.

అక్క దాచిన రాళ్ళు గవ్వ మంచం కింద ఒక చెక్కపెట్టెలో ఉండేవి. ఇరవై నాలుగు గళ్ళు, గడికో రాయి, రాయికో చీటీ. చీటీల మీద అక్క ముత్యాల్లాంటి రాత. ఆ పెట్టె జోలికి ఆయన కూడా వెళ్ళేవారు కాదు. నేను వెళ్ళాను.

బళ్ళకు సెలవులిచ్చారు. గవ్వ పది రోజులు వాళ్ళ అమ్మమ్మ దగ్గరికి వెళ్ళింది. వచ్చేసరికి దాని గది అద్దంలా ఉండాలని నా ఆశ. కిటికీలు తుడిచాను, పరుపు ఎండలో వేశాను, మంచం కింద ఊడ్చాను, పెట్టె తీశాను. లోపల దుమ్ము. అన్నిటి మధ్య, పెద్ద గడిలో, గుప్పెడంత రాయి ఒకటి. చుట్టలు చుట్టుకున్న నత్త, దాని మీద వరసగా సన్నటి గీతలు, గీతల మధ్య ఇరుక్కుని తెల్లటి గార. ఆహా, నా పాత శత్రువే అనుకున్నాను. చీటీ జాగ్రత్తగా పక్కన పెట్టి, రాయిని గిన్నెలో వేసి, మునిగేదాకా హోటల్ నుంచి తెచ్చుకున్న వెనిగర్ పోసి డ్యూటీకి వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం వచ్చేసరికి గిన్నె మీద నురగ. మురికి వదులుతోందని సంతోషించాను కూడా. చేత్తో రాయిని పైకి తీశాక తెలిసింది. గీతలు లేవు. చుట్టలు లేవు. చప్పరించి ఉమ్మేసిన పిప్పరమెంటు బిళ్ళలా నున్నగా ఉంది. గుండెల్లో రాయి పడిందంటారే, ఆ మాట పుట్టించినవాడికి ఇలాంటిదే ఏదో జరిగుంటుంది. సబ్బునీళ్ళతో కడిగాను, గీతలు మళ్ళీ వస్తాయన్నట్టు. చీటీ చూశాను. "నత్తరాయి. పాత క్వారీ, మూడో మెట్టు" అని ఉంది, కింద తారీఖు. రాయిని గడిలో పెట్టి, మూత వేసి, పెట్టెను మంచం కిందికి ఇదివరకటి కన్నా లోపలికి తోశాను.

ఆయనకు చెబుదామనుకున్నాను. చెప్పాలంటే అరవాలి. "మీ మొదటి భార్య రాయిని నేను కరిగించేశాను" అని ఏ నోటితో అరవను? కాఫీ ఇచ్చి ఎదురుగా నిలబడ్డాను.

"ఏంటి, ఒంట్లో బాలేదా?" అని ఆయనే అరిచారు.

"బాగానే ఉంది."

"ఏంటీ?"

"బాగానే ఉందండీ" అని నేనూ అరిచాను. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, బాగున్నందుకు సంతోషం అంది.

గవ్వ తిరిగొచ్చిన రోజు గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది. ముక్కు ఎగబీల్చింది.

"ఏమ్మా?"

"ఏం లేదండి."

గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. గుమ్మడికాయల దొంగలా నేను వంటింట్లో భుజాలు తడుముకుంటూ నిలబడ్డాను. చాలాసేపటికి బయటికొచ్చి, అన్నం తిని, "చాలండి" అంది. చూడలేదులే అని ఊపిరి పీల్చుకున్నాను.

ఆ వారం సెలవు రోజున నేను పాత క్వారీకి వెళ్ళాను. తవ్వకం ఆపేసి ఏళ్ళయింది. పెద్ద గుంత, మనిషెత్తు మెట్లు మెట్లుగా లోపలికి దిగుతుంది, అడుగున పచ్చటి నీళ్ళు. మెట్టు నుంచి మెట్టుకు దిగడానికి పక్కనే రాళ్ళు పేర్చిన దారి. పైన రేకుల గదిలో కాపలా తాత ఉంటాడు.

"ఏం హోటలమ్మా, ఇక్కడ తుడవడానికి ఏముందని?" అన్నాడు.

"నత్తరాయి కావాలి తాతా. గుప్పెడంతది."

"ఏదీ, తూకం వేసి ఇమ్మంటావా?" తాత నవ్వి నవ్వి దగ్గాడు. "మూడో మెట్టులో ఉండేవి. పాపం, మీ గవ్వ తల్లి అక్కడే కూచునేది. రెండు గట్టి వానలు పడితే ఆ మెట్టు మునిగిపోద్ది. మళ్ళీ వచ్చే ఎండాకాలం దాకా చేప పిల్లలకే."

అంటే నాకున్నది నెల, మహా అయితే అయిదు వారాలు. అలాంటిదే ఇంకొకటి తెచ్చి ఆ గడిలో పెట్టేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. అదీ నా ఉపాయం. మేకులు కొట్టే సుత్తి తీసుకుని పొద్దుటి నుంచి కొడితే గుప్పెడు పెళ్ళలూ, నల్లబడిన బొటనవేలూ మిగిలాయి. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటారు, నాకు ఎలుక కూడా దొరకలేదు.

రెండోసారి వెళ్ళినప్పుడు తల మీద నీడ పడింది. చూస్తే పై మెట్టు అంచున గవ్వ, చేతిలో నీళ్ళ సీసా.

"మర్చిపోయి వచ్చారు" అంది. సీసా ఇచ్చి వెళ్ళిపోలేదు. అక్కడే గొంతుక్కూర్చుని చూస్తోంది. "మీరెందుకండీ రాళ్ళు కొడుతున్నారు?"

"ఊరికే. సరదాగా."

"సరదాకి ఎవరైనా వేలు చితక్కొట్టుకుంటారా?"

నేను వినిపించుకోనట్టు సుత్తి ఎత్తాను. నాలుగు దెబ్బలు కొట్టేసరికి ఆ పిల్లకు ఓపిక చచ్చిపోయింది. ఒక్క ఉదుటున కిందికి దిగి సుత్తి లాక్కుంది.

"అలా కాదు. నువ్వు రాయి నడుం మీద కొడుతున్నావ్. పొర చూడు. ఇదిగో గీతలా ఉంది కదా, దాని వెంట కొట్టాలి."

నువ్వు అన్నది ఇద్దరికీ వినిపించింది. ఆ పిల్ల నీళ్ళకేసి చూసింది. నేను బొటనవేలు ఊదుకున్నాను.

ఆ రోజు నుంచి నా సెలవు రోజులూ, మధ్యాహ్నం ఖాళీలూ అన్నీ మూడో మెట్టు మీదే. గవ్వ వాళ్ళమ్మ ఉలి తెచ్చింది. ఉలి పొర మీద ఆనించి, చిన్న చిన్న దెబ్బలు వేసి, రాయి చప్పుడు మారేదాకా ఆగడం నేర్పింది. బోలుగా మోగితే లోపల ఖాళీ ఉన్నట్టు. అలా ఒకటి విప్పితే లోపలంతా కలకండ పలుకుల్లాంటి స్ఫటికాలు మెరిశాయి. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, "ఈగలు దూరతాయి" అని నవ్వింది. అది నవ్వడం నేను చూడటం అదే మొదలు.

ఒకరోజు జేబులోంచి చిన్న గాజుసీసా తీసింది. మూతకు చుక్కలు వేసే గొట్టం.

"అమ్మది. వెనిగర్" అంది. తెల్లరాయి ఒకటి పెట్టి దాని మీద చుక్క వేసింది. చుక్క పడ్డ చోట సన్నగా నురగ లేచింది. "పొంగితే సున్నపురాయి. పొంగకపోతే పలుగురాయి. రాయిని తినేస్తుంది ఇది, అందుకే ఒక్క చుక్కే వెయ్యాలి. వేశాక వెంటనే కడిగెయ్యాలి."

"నత్తలు కూడా అదేనా?" అని అడిగాను.

"ఇక్కడివన్నీ అదే" అంటూ నా మొహంలోకి చూసి, సీసా మూత బిగించింది.

దొరికినదానికల్లా అక్కడే కూర్చుని చీటీ రాసేది. ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి. చీటీ లేకపోతే అది కంకరేనట. చీటీలో అబద్ధం రాయకూడదట, అమ్మ రూలు. నేను తెచ్చిన డబ్బాలోంచి ఇద్దరం తినేవాళ్ళం. వాళ్ళమ్మకు పాటలు వచ్చేవి కావనీ, అయినా రాయి కొట్టేటప్పుడు పాడేదనీ చెప్పింది. హోటల్ గదుల్లో జనం ఏమేం మర్చిపోతారో నేను చెప్పేదాన్ని. ఒకాయన పళ్ళసెట్టు మర్చిపోయి రెండు రోజుల తర్వాత ఫోన్ చేశాడంటే, "మరి ఆ రెండు రోజులూ ఏం తిన్నాడు?" అని పొట్ట పట్టుకుని నవ్వింది. దారి దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకునేది. నా జన్మలో అంత సుఖంగా ఎప్పుడూ లేను. ఇంటికొచ్చాక మాత్రం ఆ మంచం వంక చూడకుండా తిరిగేదాన్ని. ఆ పిల్ల నాకు దగ్గరయ్యేకొద్దీ, నేను పోగొట్టుకోబోయేది పెరుగుతోంది.

అయిదో వారంలో మబ్బు పట్టింది. తాత పైనుంచి, "ఇక ఎక్కండి, వచ్చేస్తోంది" అని కేక వేశాడు. ఇంకొక్క పొర అనుకుని ఉలి ఆనించాను. రెండు దెబ్బలకు పలక రొట్టెలా విడిపోయింది. లోపల నత్త. గుప్పెడంతది. చుట్టలు, గీతలు, అచ్చం అదే.

గవ్వ నాలుగు అడుగుల దూరంలో అటు తిరిగి సామాను సర్దుతోంది. నేను రాయిని తువ్వాలులో చుట్టి సంచి అడుక్కి తోశాను.

"ఏమైనా దొరికిందా?" అంది, ఇటు తిరగకుండానే.

"ఏం లేదు."

అప్పుడు తిరిగింది. నన్ను చూసింది, సంచిని చూసింది.

"సరే, పదండి" అంది.

వాన చినుకు కన్నా ముందు ఆ 'అండి' నా నెత్తిన పడింది. దారి ఎక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకోలేదు. అలసిపోయిందేమోలే అని నాకు నేనే చెప్పుకున్నాను.

రాత్రంతా కురిసి, పొద్దున కూడా కురుస్తూనే ఉంది. కొత్త నోటుపుస్తకాలు కొనడానికి తండ్రీ కూతురూ బజారుకు వెళ్ళారు. నేను తలుపు దగ్గరగా వేసి, గవ్వ గదిలో నేల మీద కూర్చుని పెట్టె లాగాను. అరిగిన రాయి తీసి పక్కన పెట్టాను. కొత్తది గడిలో పెడితే కొలిచి చేసినట్టు కూర్చుంది. పని అయిపోయింది. చీటీ వంకరగా ఉందని సరిచేయబోతే అది తిరగబడింది. వెనక కూడా రాసి ఉంది. ఇన్నాళ్ళూ నేను వెనక చూడనేలేదు.

"దొరికింది: మా ఇద్దరికి. ఇంకా మూడు నెలలుంది."

ముందు వైపు తారీఖు మళ్ళీ చూశాను. గవ్వ పుట్టినరోజు నుంచి వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టాను. సరిగ్గా మూడు నెలలు. అంత పొట్ట వేసుకుని ఆ మనిషి ఆ రాళ్ళదారి దిగి, మూడో మెట్టు మీద కూర్చుని, రాగం రాని పాటేదో పాడుకుంటూ కొట్టి ఉంటుంది. దొరికినప్పుడు పక్కన ఎవరూ లేకపోయినా ఇద్దరం అని రాసుకుంది. ఆ చీటీ పక్కన నా రాయిని పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. కొత్తది తీసేశాను. అరిగినదాన్ని దాని చోట పెట్టాను. పెట్టె మూయలేదు. అక్కడే కూర్చుని, వాన చప్పుడులో ఎవరూ వినరన్న ధైర్యంతో బాగా ఏడ్చాను.

తలుపు తోసిన చప్పుడుకు తలెత్తితే గవ్వ, తడిసిన పుస్తకాల కట్టతో. ముందు గదిలో ఆయన గొడుగు ఎక్కడ పెట్టాలని ఎవరినో అరిచి అడుగుతున్నారు.

"గవ్వా, ఇలా రా. నీకొకటి చెప్పాలి" అన్నాను.

అంతా చెప్పాను. దుమ్ము, గార, కెటిల్ పాఠం, నురగ చూసి సంతోషించడం, మార్చేద్దామనుకోవడం, నిన్న తువ్వాలులో చుట్టడం. ఏదీ తక్కువ చేసి చెప్పలేదు. నిలబడే వింది.

"తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"అది పాడైందని. అమ్మమ్మ ఇంటి నుంచి వచ్చిన రోజే చూశా. ఇల్లంతా వెనిగర్ వాసన. అది అమ్మ సీసా వాసన, నాకు తెలీదా?"

"మరి అడగలేదేమే తల్లీ?"

"చాలా కోపం వచ్చింది. నాన్నకి చెప్పేద్దామనుకున్నా. కానీ నాన్నకి చెప్పాలంటే అరవాలి కదా. ఊరంతా నిన్ను తిడతారు." పుస్తకాలు మంచం మీద పెట్టింది. "తర్వాత నువ్వు నత్తరాయి కోసం వెతుకుతున్నావని తాత చెప్పాడు. ఎలా వెతుకుతావో చూద్దామని వచ్చా."

"చూశాకైనా అడగొచ్చు కదా."

గవ్వ కాలి బొటనవేలితో నేల మీద గీత గీసింది.

"అడిగితే నువ్వు క్వారీకి రావడం మానేస్తావని" అంది.

దాని తడి కాళ్ళు రెండూ పట్టుకుని అలాగే కూర్చున్నాను.

"నిన్న మాత్రం ఏడుపొచ్చింది" అంది. "దొరికింది కదా, నాకు చూపించలేదు."

తువ్వాలు విప్పి రాయి దాని చేతిలో పెట్టాను. వెలుతురులో అటూ ఇటూ తిప్పి, గోరుతో చుట్టలన్నీ తడిమి చూసింది. "మంచిది" అంది, పెద్దమనిషిలా. తర్వాత వాళ్ళమ్మ చీటీ తీసుకుని, నాలుక బయటపెట్టి, "మా ఇద్దరికి" కింద ఉన్న కొద్ది చోటులో పెన్సిల్‌తో రాసి నాకిచ్చింది.

"వెనిగర్‌లో పడింది. అయినా ఇదే."

కొత్త నోటుపుస్తకంలోంచి మొదటి కాగితం చింపింది. నత్తరాయి. పాత క్వారీ, మూడో మెట్టు. నిన్నటి తారీఖు. "దొరికింది" అని రాసి ఆగింది.

"నీ పేరే రాయి. నేర్పింది నువ్వేగా" అన్నాను.

"అబద్ధం రాయకూడదు" అని, చేత్తో అడ్డం పెట్టుకుని రాసింది. తర్వాత చూపించింది.

"దొరికింది: పిన్నికి. నేను పక్కనే ఉన్నాను. ఒకరోజు ఆలస్యంగా చెప్పింది."

ఆయన గుమ్మంలోకొచ్చి మా ఇద్దరి మొహాలూ చూసి, "ఏమైంది, ఎందుకేడుస్తున్నారు?" అని ఇల్లెగిరిపోయేలా అడిగారు. "ఏం లేదు" అని ఇద్దరం ఒకేసారి అరిచాం.

పెట్టెలో ఖాళీ గడి లేదు. గవ్వ ఇల్లంతా తిరిగి చివరికి వంటింటి కిటికీలో, కెటిల్ పక్కన చోటు చూసి, చీటీతో సహా అక్కడ పెట్టింది.

"ఇటువైపు మాత్రం వెనిగర్ తేవద్దు, పిన్నీ" అంది.

తేలేదు. హోటల్లో నా కింద పనిచేసే అమ్మాయిలు మా ఇంటికొచ్చినప్పుడల్లా ఆ కెటిల్ లోపలికి చూసి మొహాలు చూసుకుంటారు. అడుగున వేలెడు మందాన గార ఉంది.